దాణా ఖర్చు తగ్గించే పప్పుజాతి మేత: విత్తనం నుంచి పాల లెక్క దాకా

పాడి పెట్టుకున్న ఇంట్లో ఏడాది ఖర్చంతా ఒకచోట రాస్తే, అందులో అరవై నుంచి డెబ్భై శాతం మేతకూ దాణాకే పోతుంది. వరిగడ్డి సొంతది ఉంటుంది, గట్ల మీద గడ్డి ఎలాగూ కోసుకొస్తాం. చేతిలోంచి నోట్లు లెక్కపెట్టి ఇచ్చేది మాత్రం దాణా బస్తాకూ, పత్తి చెక్కకూ, తవుడుకూ. ఆ బస్తాలో అన్నిటికంటే ఖరీదైనది మాంసకృత్తులు, అంటే ప్రోటీన్. అదే ప్రోటీన్‌ను అలసంద, లూసర్న్, దశరథ గడ్డి, పిల్లిపెసర లాంటి పప్పుజాతి మొక్కలు గాలిలోని నత్రజనిని పట్టుకుని మన పొలంలోనే తయారు చేస్తాయి.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఈ మేత వేస్తే పాలు ఒక్కసారిగా పొంగిపోతాయన్న ఆశ పెట్టుకోవద్దు. ఇప్పటికే దాణా సరిపడా తింటున్న పశువుకు పాలు పెద్దగా పెరగవు. మిగిలేది దాణా తగ్గించినప్పుడే. కొత్తగా పచ్చిమేత పెంచి, దాణా మాత్రం పాత కొలతలోనే పెడుతూ పోతే రెండు ఖర్చులూ మీదపడతాయి. "పప్పుజాతి మేత వేశాం, ఏమీ మిగల్లేదు" అనే ఇళ్లలో చాలా వరకు జరిగేది ఇదే. అందుకే ఇక్కడ సాగు గురించి ఎంత చెబుతున్నానో, దాణా కొలత తగ్గించడం గురించి అంతకంటే ఎక్కువ చెబుతాను.

ముందు దాణా లెక్క తీయండి

విత్తనం కొనకముందే ఒక నోటుబుక్కు తీసుకోండి. దాణా బస్తా విప్పిన తేదీ, అయిపోయిన తేదీ రాయండి. చెక్క, తవుడు విడిగా కొంటుంటే అవీ రాయండి. రోజూ డబ్బాతో కొలిచి పెడుతుంటే ఆ డబ్బాను ఒకసారి తూకం వేయండి. కిలో అనుకునే డబ్బాలో కిలోపావు పట్టడం మామూలే. దాణా రకాన్ని బట్టి బరువు మారుతుంది కాబట్టి రకం మార్చినప్పుడల్లా మళ్లీ తూచాలి. పశువుకు ఒక గీత చొప్పున ఉదయం పాలు, సాయంత్రం పాలు, పాల కేంద్రం చీటీలో వచ్చిన ఫ్యాట్ (వెన్న), ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే మిగతా ఘనపదార్థం) అంకెలు కూడా ఎక్కించండి. ఒక నెల ఇలా రాస్తే మీ ఇంటి అసలు లెక్క మీ చేతికొస్తుంది. తర్వాత ఏది మారినా దీనితోనే పోల్చాలి.

ఇప్పుడు ప్రోటీన్ లెక్క. మార్కెట్లో దొరికే మామూలు దాణాలో సుమారు 20 శాతం ప్రోటీన్ ఉంటుంది. అంటే కిలోకు 200 గ్రాములు. పచ్చి లూసర్న్‌లో నీరు పోగా ఐదో వంతు ఎండు పదార్థం, అందులో సుమారు 20 శాతం ప్రోటీన్. అంటే పచ్చిమేత కిలోకు 40 గ్రాములు. కాగితం మీద చూస్తే 5 కిలోల లూసర్న్ ఒక కిలో దాణాకు సమానం. అలసందలో నీరు ఇంకా ఎక్కువ, దాంతో కిలోకు పాతిక గ్రాములే వస్తుంది. దశరథ గడ్డి లూసర్న్ కంటే కొంచెం మెరుగు.

కానీ కాగితం లెక్కను నమ్మి 5 కిలోలకే కిలో దాణా తగ్గించకండి. మేత ముదిరితే ప్రోటీన్ పడిపోతుంది, కొంత గాడిలోనే మిగిలిపోతుంది, దాణాలో ఉండే శక్తి పదార్థం పచ్చిమేతలో కొంత తక్కువ. అందుకని 8 కిలోల పప్పుజాతి పచ్చిమేతకు ఒక కిలో దాణా అని పట్టుకోండి. దాణా కిలో 28 రూపాయలు అనుకుందాం. దాన్ని 8తో భాగిస్తే మూడున్నర రూపాయలు. మీ పొలంలో కిలో పచ్చిమేత పెంచి, కోసి, పాకలోకి చేర్చడానికి మూడున్నర రూపాయల కంటే తక్కువైతే వేయండి, ఎక్కువైతే వద్దు. దాణా ధర మారితే ఈ హద్దు కూడా మారుతుంది, మీ ఊరి ధర పెట్టి మళ్లీ భాగించుకోండి.

వరిగడ్డి, కొంచెం తవుడు తప్ప మరేమీ పెట్టని ఇళ్లకు మాత్రం లెక్క వేరు. అక్కడ తగ్గించడానికి దాణా లేదు, కాబట్టి పాలే పెరగాలి, పెరుగుతాయి కూడా. వరిగడ్డిలో మూడు, నాలుగు శాతమే ప్రోటీన్. అందులో పశువుకు అరిగేది దాదాపు సున్నా. మొత్తం మేతలో ప్రోటీన్ ఏడు శాతం కంటే తగ్గితే కడుపులోని సూక్ష్మజీవులకు తిండి చాలదు, గడ్డి అరగడం నెమ్మదిస్తుంది, పశువు తినడమూ తగ్గిస్తుంది. ఆరు కిలోల వరిగడ్డిలో ఉన్న మొత్తం ప్రోటీన్ 216 గ్రాములైతే, ఐదు కిలోల పచ్చి లూసర్న్‌లో 200 గ్రాములు, అదీ చాలా వరకు అరిగేదే. ఇలాంటి గేదెకు రోజుకు ఐదారు కిలోల పప్పుజాతి మేత కలిపితే అదే వరిగడ్డిని ఇంకా ఎక్కువ తింటుంది, పాలు పెరిగేది అందువల్లే.

తూర్పు ఆఫ్రికాలోని కెన్యాలో, ఎంబు ప్రాంతపు చిన్న రైతులు ఈ రెండు దారులనూ చూశారు. అక్కడ 1990లలో గట్ల వెంట కాలియాండ్రా అనే పప్పుజాతి పొదను నాటించారు. మూడు కిలోల పచ్చి ఆకు ఒక కిలో దాణాకు సమానమని లెక్క తేలింది. రోజుకు ఆరు కిలోల ఆకు చొప్పున ఒక ఆవుకు ఏడాది పొడవునా పెట్టాలంటే సుమారు 500 పొదలు కావాలి. కొందరు దాణా మానేసి ఆకు పెట్టారు, వాళ్లకు ఖర్చు తగ్గింది. కొందరు అసలు దాణా పెట్టని ఆవులకు ఆకు పెట్టారు, వాళ్లకు పాలు పెరిగాయి. మీ ఇల్లు ఈ రెంటిలో ఏదో ముందు తేల్చుకోండి.

మీ నేలకు ఏది సరిపోతుంది

ఏడాది పొడవునా బోరు నీళ్లుండి, నీరు నిలవని నేల ఉంటే లూసర్న్ లేదా దశరథ గడ్డి. లూసర్న్‌కు చలికాలం ఇష్టం, అక్టోబరు, నవంబరుల్లో విత్తాలి. బాగా చూసుకుంటే మూడు నాలుగేళ్లు ఉంటుంది. తెలంగాణ, రాయలసీమల్లో చక్కగా వస్తుంది. కోస్తాలో వానలు, తేమ ఎక్కువగా ఉన్నచోట వేరు కుళ్లి పలచబడిపోతుంది. అలాంటి చోట దశరథ గడ్డి మేలు. నా సలహా అడిగితే, మొదటిసారి వేసేవాళ్లు దశరథ గడ్డితోనే మొదలుపెట్టండి. పెద్దగా చీడపీడలు రావు, ఎండకు తట్టుకుంటుంది, పొరపాటున నాలుగు రోజులు ఆలస్యంగా కోసినా నష్టం తక్కువ, కడుపుబ్బరం భయం కూడా లేదు.

కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి మాగాణి ఉన్నవాళ్లకు తాతల నాటి పద్ధతే ఉంది. వరి కోతకు కొద్ది రోజుల ముందు, మడిలో తేమ ఉండగానే నిలబడి ఉన్న పైరులో పిల్లిపెసర గానీ జనుము గానీ చల్లడం. పిల్లిపెసర ఎకరాకు 10 నుంచి 12 కిలోలు చాలు. దున్నకం లేదు, తడి లేదు, ఎరువు లేదు. ఖర్చంతా విత్తనం, కోత కూలీ మాత్రమే. కిలో మేత ఇంత చౌకగా మరే పద్ధతిలోనూ రాదు. వరి కోత మిషన్లు వచ్చాక టైర్ల కింద మొలకలు నలిగి చాలామంది దీన్ని వదిలేశారు. కనీసం మిషన్ తిరగని మూలల్లోనైనా, చేత్తో కోసే మడుల్లోనైనా వదలకండి. జనుమును మాత్రం పూతకు ముందే కోయాలి. ముదిరితే పీచు ఎక్కువవుతుంది, గింజ పశువుకు మంచిది కాదు.

వర్షాధారపు మెట్టకు అలసంద, ఉలవ, స్టైలో ఉన్నాయి. వానాకాలంలో జొన్నగానీ మొక్కజొన్నగానీ మేతకు వేసేటప్పుడు రెండు మూడు సాళ్లకు ఒక సాలు అలసంద పెట్టండి. విడిగా భూమి అక్కర్లేదు, రెండూ కలిపి ఒకేసారి కోసుకోవచ్చు. స్టైలో ఎర్ర చల్కా నేలల్లో, బీళ్లలో, మామిడి తోటల మధ్య ఒకసారి పట్టుకుంటే గింజ రాలి తనే మళ్లీ వస్తుంది.

పొలమే లేదు, గట్టు మాత్రం ఉంది అంటే అవిశ, గ్లిరిసిడియా, సుబాబుల్. ప్రకాశం, కృష్ణా వైపు కాగితం మిల్లుల కోసం సుబాబుల్ తోటలు వేశారు కదా, కొట్టేటప్పుడు కొమ్మల ఆకు అడిగితే ఇస్తారు. సుబాబుల్ ఆకులో 22 శాతం దాటి ప్రోటీన్ ఉన్నా, మైమోసిన్ అనే విషపదార్థం కూడా ఉంది. మొత్తం పచ్చిమేతలో మూడో వంతు దాటనివ్వకండి. రోజుల తరబడి ఎక్కువ పెడితే వెంట్రుకలు ఊడతాయి, గొంతు దగ్గర వాపు వస్తుంది. గ్లిరిసిడియా వాసనకు పశువులు మొదట ముఖం తిప్పుకుంటాయి. ఒక పూట వాడబెట్టి, తవుడు చల్లి పెడితే వారంలో అలవాటు పడతాయి.

ఎంత విస్తీర్ణం

మూడు పాడి ఆవులున్నాయనుకుందాం. మొదటి ఏడాది ఒక్కో ఆవుకు ఒక కిలో దాణా తగ్గించడమే లక్ష్యంగా పెట్టుకోండి. ఆవుకు 8 కిలోల చొప్పున రోజుకు 24 కిలోల మేత, ఏడాదికి 8,760 కిలోలు. పుస్తకాల్లో లూసర్న్ ఎకరాకు ఏడాదికి 28 నుంచి 32 టన్నులనీ, దశరథ గడ్డి ఇంకా ఎక్కువనీ రాస్తారు. మొదటిసారి వేసేవాళ్లు 20 టన్నులే అనుకోండి. అంటే 44 సెంట్లు, తెలంగాణ లెక్కలో 18 గుంటలు. అంతకంటే ఎక్కువ వేస్తే కోసే తీరిక లేక ముదిరిపోతుంది, ముదిరిన మేతకు లెక్కలన్నీ తప్పుతాయి.

విత్తడం

దశరథ గడ్డి, లూసర్న్ రెండింటికీ ఎకరాకు 8 కిలోల విత్తనం. దశరథ గడ్డి గింజ పైపొర గట్టిది, అలాగే వేస్తే సగం మొలవదు. నీళ్లు మరగబెట్టి పొయ్యి మీంచి దించి, అందులో గింజలు పోసి నాలుగు నిమిషాలు ఉంచి, వెంటనే వంపేసి చన్నీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి. నిమిషాలు మించితే గింజ ఉడికిపోతుంది, గడియారం చూసుకుంటూ చేయాల్సిన పని ఇది. సాలుకూ సాలుకూ మధ్య అడుగున్నర ఎడం ఇచ్చి, అర అంగుళం కంటే లోతుకు పోకుండా విత్తండి. అలసంద అయితే ఎకరాకు 14 నుంచి 16 కిలోలు, సాళ్ల మధ్య అడుగు ఎడం.

లూసర్న్ విత్తనం కొనేటప్పుడు పిడికెడు తీసి తెల్లకాగితం మీద పరిచి చూడండి. లూసర్న్ గింజ లేత పసుపు రంగులో మూత్రపిండం ఆకారంలో ఉంటుంది. మధ్యలో అంతకంటే చిన్నవి, గుండ్రంగా, మట్టిరంగులో గరుగ్గా ఉన్న గింజలు కనిపిస్తే అది బంగారుతీగ విత్తనం కావచ్చు. ఆ సంచి కొనకండి. బంగారుతీగ ఒకసారి పొలంలో అల్లుకుంటే లూసర్న్‌ను పీల్చి పిప్పి చేస్తుంది.

విత్తనానికి రైజోబియం కల్చర్, అంటే వేరు బుడిపెల్లో ఉండి నత్రజని పట్టే సూక్ష్మజీవుల పొడి, పట్టించడం మానవద్దు. ఖర్చు స్వల్పం, మొక్క నత్రజనిని పట్టుకునేదే దాని వల్ల. లీటరు నీళ్లలో 100 గ్రాముల బెల్లం వేసి మరిగించి చల్లార్చండి. ఒక 200 గ్రాముల ప్యాకెట్ పొడిని 8 నుంచి 10 కిలోల విత్తనానికి, ఆ బెల్లం నీళ్లు తగినంత చిలకరించి, గింజకు నల్లగా పొర పట్టేలా కలపండి. నీడలో ఆరబెట్టి ఆ రోజే విత్తేయాలి. ఎండ తగిలితే సూక్ష్మజీవులు చస్తాయి. అంతకంటే ముఖ్యం, ప్యాకెట్ మీద పంట పేరు చూడండి. వేరుశనగ, పెసర, అలసంద, ఉలవలకు ఒకే రకం పనిచేస్తుంది. లూసర్న్‌కు మాత్రం దాని రకమే కావాలి. వేరుశనగ ప్యాకెట్ తెచ్చి లూసర్న్‌కు పట్టిస్తే ఉపయోగం లేదు.

ఎరువుల్లో యూరియా మీద చేయి బిగించి, భాస్వరం మీద వదలండి. అలసంద, దశరథ గడ్డికి దుక్కిలో పశువుల ఎరువుతోపాటు ఎకరాకు రెండు బస్తాల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేయండి. లూసర్న్‌కు ఇంతకంటే చాలా ఎక్కువ పడుతుంది, భూసార పరీక్ష చేయించి వేయండి. యూరియా మొదట్లో ఎకరాకు 20 కిలోలు చాలు. అంతకు మించి పోస్తే మొక్క గాలి నత్రజని జోలికి పోకుండా సంచి నత్రజనికే అలవాటు పడుతుంది. మనం కొనకుండా తప్పించుకోవాలనుకున్నదాన్నే మళ్లీ కొన్నట్టవుతుంది.

నెల రోజులకు ఒక మొక్కను తడి నేలలోంచి చుట్టూ మట్టితో సహా తవ్వి తీయండి. గుంజి పీకితే బుడిపెలు తెగి నేలలోనే ఉండిపోతాయి. బకెట్ నీళ్లలో ముంచి మట్టి వదిలేదాకా మెల్లగా ఆడించండి. వేళ్ల వెంట చిన్న బుడిపెలు కనిపిస్తాయి. అలసందకైతే పెసర గింజంత ఉంటాయి. ఒకటి గోటితో చీల్చండి. లోపల మాంసం రంగులో ఎర్రగా ఉంటే మొక్క పని చేస్తోంది. తెల్లగానో పచ్చగానో ఉంటే, లేదా అసలు బుడిపెలే లేకపోతే కల్చర్ పట్టలేదు. అప్పుడు ఆ కోతకు కొంచెం యూరియా వేసి గట్టెక్కించి, మళ్లీ విత్తేటప్పుడు తాజా ప్యాకెట్ తెచ్చుకోండి.

విత్తనం కోసం కృషి విజ్ఞాన కేంద్రాన్నీ, పశుసంవర్ధక శాఖవాళ్లనూ ముందుగా అడగండి. హైదరాబాద్ దగ్గర మామిడిపల్లిలో కేంద్ర ప్రభుత్వ పశుగ్రాస క్షేత్రం ఉంది. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పశుగ్రాసాల మీద పరిశోధన విభాగం ఉంది. ఝాన్సీలో జాతీయ పశుగ్రాస పరిశోధన సంస్థ ఉంది. సీజన్ ముంగిట అడిగితే అయిపోయిందంటారు, రెండు నెలల ముందే చెప్పి పెట్టుకోవాలి.

కోత

అలసందను 50 నుంచి 55 రోజులకు, సగం మొక్కలు పూతకొచ్చినప్పుడు కోసేయండి. కాయ పట్టేదాకా ఆగితే కాండం పీచెక్కుతుంది. లూసర్న్ మొదటి కోతకు రెండు నెలలు దాటనివ్వండి, వేరు లోతుకు దిగాలి. ఆ తర్వాత చలికాలంలో 25 రోజులకోసారి వస్తుంది. దశరథ గడ్డిని మొదటిసారి 90 రోజులకు, తర్వాత 40 రోజులకోసారి, నేల నుంచి అడుగున్నర పైన కోయాలి. కొడవలి నేలబారున పెడితే ఎక్కువ మేత వచ్చినట్టు అనిపిస్తుంది గానీ, చిగురు పెట్టే కణుపులు పోయి మొక్క చస్తుంది. కూలీకి చెప్పేటప్పుడు మోకాలి ఎత్తు చూపించి చెప్పండి.

పొలాన్ని ఒకేసారి కోయకండి. 44 సెంట్లను లూసర్న్ అయితే 25 పట్టీలుగా, దశరథ గడ్డి అయితే 40 పట్టీలుగా గుర్తులు పెట్టుకుని రోజుకొకటి కోసుకుంటూ పోతే చివరి పట్టీ అయ్యేసరికి మొదటిది మళ్లీ తయారుగా ఉంటుంది. కోసిన ప్రతి మోపునూ మొదటి నెలలో తూకం వేయండి. చేతి తూకంతో కట్టను కొక్కేనికి తగిలించి చూస్తే చాలు. మన కంటికి 30 కిలోలనిపించే మోపు పొద్దున్నే మంచు తడితో అంత తూగినా, నీరు పోతే చాలా తగ్గుతుంది.

పురుగుమందుల జోలికి వెళ్లొద్దు. అలసందకు పేనుబంక పడితే వారం ముందే కోసి వాడేసుకోండి. మందు కొట్టిన మేత తిన్న పశువు పాలలోకి ఆ మందు వస్తుంది, ఆ పాలు మన పిల్లలే తాగుతారు.

గాడిలో వేయడం, దాణా తగ్గించడం

మొదటి రోజే మోపు మొత్తం వేయకండి. రెండు కిలోలతో మొదలుపెట్టి పది రోజుల్లో 8 కిలోలకు తీసుకెళ్లండి. లూసర్న్, అలసంద మంచు తడితో ఉన్నప్పుడు ఖాళీ కడుపున తింటే కడుపుబ్బరం వస్తుంది, గంటల్లో ప్రాణం తీస్తుంది. ఎడమ డొక్క ఉబ్బి తడితే డప్పులా మోగుతుంది, పశువు నెమరు మానేసి మాటిమాటికీ లేస్తూ పడుకుంటూ ఉంటుంది. అందుకే ముందు రోజు సాయంత్రమో, మంచు ఆరాకో కోసి, మూడు నాలుగు గంటలు పలచగా పరిచి వాడబెట్టండి. గుట్టగా పోయకండి. గుట్టలో చేయి పెట్టి చూడండి, వేడిగా తగిలితే అది మాగడం మొదలైనట్టే. ముందు వరిగడ్డి తిననిచ్చి, తర్వాత పప్పుజాతి మేతను గడ్డితో కలిపి ముక్కలు కొట్టి పెట్టండి. ఉబ్బరం కనిపిస్తే వెంటనే పశువైద్యుడికి ఫోన్ చేయండి. ఆయన వచ్చేలోపు పశువు మింగగలుగుతున్నప్పుడే పావు లీటరు వంటనూనె కొద్దికొద్దిగా పట్టించండి. తల పైకి లాగి గుమ్మరించవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

పచ్చిమేత 8 కిలోలకు చేరి, పేడ గట్టిబడి మామూలుగా ఉన్నాక దాణా తగ్గించడం మొదలుపెట్టండి. నాలుగైదు రోజులకు పావుకిలో చొప్పున తగ్గించండి. తగ్గించిన మూడో రోజు నుంచి నోటుబుక్కులో పాలు చూడండి. పావు లీటరు అటూ ఇటూ ఊగడం మామూలు. నాలుగు రోజులు వరసగా అర లీటరు తగ్గితే ఆ పావుకిలో వెనక్కి ఇచ్చేయండి. ఆ పశువుకు అదే హద్దు. ఒకే పాకలో రెండు ఆవులకు హద్దులు వేరుగా ఉంటాయి. ఈని రెండు నెలలైనా కాని పశువుకు మాత్రం తగ్గించే ప్రయత్నం చేయకండి, అది ఒంట్లో ఉన్నది కరిగించి పాలిస్తున్న సమయం. చూడితో ఉండి పాలు తగ్గుముఖం పట్టిన దానితో మొదలుపెట్టండి.

ఫ్యాట్ అంకె మీద కన్ను వేయండి. లేత పచ్చిమేత ఎక్కువై వరిగడ్డి తగ్గితే పీచు చాలక ఫ్యాట్ పడిపోతుంది. గేదె పాలకు డబ్బులిచ్చేదే ఫ్యాట్‌ను బట్టి కాబట్టి, దాణాలో మిగిలింది చీటీలో పోతుంది. వరిగడ్డి ఎప్పుడూ తీసేయకూడదు. ఖనిజ లవణ మిశ్రమం కూడా పెద్ద పశువుకు రోజుకు 50 గ్రాములు కొనసాగాలి. దాణా తగ్గినప్పుడు అందులో వచ్చే ఖనిజాలూ తగ్గుతాయి, ముఖ్యంగా భాస్వరం. పప్పుజాతి మేతలో కాల్షియం దండిగా ఉంటుంది గానీ భాస్వరం అంతగా ఉండదు. అది లోపిస్తే పశువు ఎదకు రావడం ఆలస్యమవుతుంది. రెండు నెలలు ఈత వెనక్కి పోతే, ఏడాది దాణా మిగులు అందులోనే కొట్టుకుపోతుంది.

నెలాఖరు లెక్క

మూడు ఆవులకు కిలో చొప్పున తగ్గితే రోజుకు 3 కిలోలు, 84 రూపాయలు. ఏడాదికి 30,660. కిలో పచ్చిమేత రెండు రూపాయలకు పడితే 8,760 కిలోలకు ఖర్చు 17,520. మిగిలేది 13,140 రూపాయలు. దాణా ధర, మేత ఖర్చు రెండూ నేను ఉదాహరణకు అనుకున్నవి. మీవి మీరు వేసుకోండి. ఖర్చు రాసేటప్పుడు విత్తనం ఖర్చును మొక్క ఉండే ఏళ్లకు పంచండి. దున్నకం, ఎరువు, కోత కూలీ, కౌలు పొలమైతే కౌలు, అన్నీ రాయండి. ఇంట్లో ఆడవాళ్లు కోసుకొస్తుంటే ఆ పనికీ కూలీ వేసి రాయండి. పాడి లెక్కల్లో ఎప్పుడూ రాయనిది వాళ్ల శ్రమే. కూలీ వేసి రాశాక కూడా మిగిలితేనే అది మిగులు.

ఈ పదమూడు వేలు చూసి "ఇంతేనా" అనుకోవచ్చు. రెండో ఏడాదికి విత్తనం, దున్నకం ఖర్చు ఉండదు, కోత చేయి తిరుగుతుంది, కిలో ఖర్చు తగ్గుతుంది. అప్పుడు ఆవుకు కిలోన్నర, రెండు కిలోల దాకా తగ్గించే ప్రయత్నం చేయవచ్చు. పది లీటర్ల ఆవు దాణా పూర్తిగా మానేయడం మాత్రం జరిగే పని కాదు. దాణా లేకుండానే అన్ని పాలు వస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి.

నేల సారం గురించి కూడా ఒక మాట. పప్పుజాతి పైరు వేస్తే నేల బలపడుతుందన్నది నిజమే, కానీ మనం పైనంతా కోసి పాకకు తెస్తున్నాం. నత్రజనిలో ఎక్కువ భాగం ఆకుతోపాటే వెళ్లిపోతుంది, నేలలో వేళ్లదే మిగులుతుంది. పేడ తిరిగి ఆ పొలానికే చేరాలి. మూత్రం కారిపోకుండా పాక కాలువను ఒక గుంటలోకి మళ్లించి, ఎరువు గుంతలో కలిసేలా చేయండి. నత్రజని పేడలో కంటే మూత్రంలోనే తొందరగా పోతుంది.

మిగిలింది ఎండబెట్టడం

వరి కోతలయ్యాక చలికాలంలో పిల్లిపెసర ఒక్కసారిగా వచ్చి పడుతుంది, ఏప్రిల్, మేలో పాకలో వరిగడ్డి తప్ప ఏమీ ఉండదు. అందుకే మిగిలినదాన్ని ఎండబెట్టి దాచుకోవాలి. ప్రోటీన్ ఎక్కువ ఉన్నది ఆకులోనే, ఎండి పెళుసైన ఆకు ముట్టుకుంటే రాలిపోతుంది. మధ్యాహ్నం ఎండలో తిరగేస్తే చేతికి పుల్లలే మిగులుతాయి. పొద్దున్నే మంచు పదునులో తిరగేయండి. ఒక రోజు ఎండలో వాడ్చి, మిగతా ఎండుడు నీడలో, కర్రల మీద వేలాడదీసి పూర్తి చేయండి. పిడికిట్లో కాండం మెలితిప్పితే తడి ఊరకుండా చిట్లితే దాచడానికి సిద్ధం. వరిగడ్డి వామి వేసేటప్పుడు పొర గడ్డి, పొర పిల్లిపెసర వేస్తే రాలిన ఆకు కూడా గడ్డిలో చిక్కుకుని నిలుస్తుంది, వేసవిలో వామి దూసినప్పుడు రెండూ కలిసే గాడిలోకి వస్తాయి.

లూసర్న్ మూడో ఏడు దాటాక పలచబడుతుంది. గజం సాలులో మట్టి ఎక్కువ, మొక్క తక్కువ కనిపిస్తే, కోత తూకం మొదటి ఏడాదిలో సగానికి పడితే దాన్ని పట్టుకుని కూర్చోకండి. వేళ్లతో సహా దున్నేసి అక్కడ ఒక సంవత్సరం హైబ్రిడ్ నేపియర్ గడ్డి గానీ మేత జొన్న గానీ వేయండి. ఆ మొదటి కోతకు యూరియా సగమే పోసి చూడండి, చాలావరకు సరిపోతుంది. లూసర్న్‌ను పొలంలో వేరే చోటికి మార్చండి. ఆ కొత్త విత్తనానికి సెప్టెంబరులోనే చెప్పిపెట్టుకోవాలి.